తెర మీద మిగిలిన 'ఒకటి'

రిటైరయ్యాక నన్ను ఎవరైనా ఏం ఉద్యోగం చేశావని అడిగితే, బొగ్గు గనిలో మనుషుల్ని లెక్కపెట్టేదాన్నని చెబుతాను. కంప్యూటర్ సెక్షన్ అంటే జీతాల బిల్లులు తీయడమే అనుకుంటారు. అదీ చేశాను, చాలా ఏళ్లు. కానీ ఖమ్మంలో ఈ కిరాయి ఇంటి వరండాలో మోకాళ్లకు నూనె రాసుకుంటూ కూర్చున్నప్పుడు గుర్తొచ్చేవి ఆ బిల్లులు కావు. ఒక మధ్యాహ్నం తెర మీద కనబడ్డ ఒక అంకె. మీలో ప్రోగ్రాములు రాసేవాళ్లు ఉంటే ఓపిగ్గా వినండి, రాయనివాళ్లకూ అర్థమయ్యేలాగే చెబుతాను. కష్టమైన మాటల్లో చెప్పే ఓపిక నాకిప్పుడు లేదు.

నేను చెబుతున్నది అడవి అంచున ఉన్న ఒక ఓపెన్‌కాస్ట్ గని సంగతి. మా వైపు ఓసీ అంటారు. భూమిని పైనుంచి మెట్లు మెట్లుగా తవ్వుకుంటూ బొగ్గు దాకా పోవడం. రాయి గట్టిగా ఉన్నచోట రంధ్రాలు వేసి, మందు పెట్టి పేలుస్తారు. మొదటి షిఫ్టు దిగి రెండో షిఫ్టు ఎక్కే వేళలో పేల్చడం అలవాటు. అప్పుడు కింద మనుషులు ఉండరు కాబట్టి. ఉండరు అని తేల్చడానికి సైరన్ మోగిస్తారు, ఎర్ర జెండాలు పెడతారు, కింద పనివాళ్లను చూసుకునే సర్దార్లు చుట్టూ తిరిగి వస్తారు. వీటన్నిటి మీద ఇంకొక జాగ్రత్తగా మా కంప్యూటర్ లెక్క. ప్రతి టోపీలో ఒక చిన్న బిళ్ళ ఉంటుంది. గని కిందికి రెండు గేట్లు. టోపీ గేటు దాటినప్పుడల్లా అక్కడి యంత్రం పసిగడుతుంది. లోపలికి పోతే లెక్కలో ఒకటి కలుస్తుంది, బయటికొస్తే ఒకటి తగ్గుతుంది. తెర మీద సున్నా వచ్చేదాకా బ్లాస్టింగ్ ఆఫీసర్ పేల్చే యంత్రం తాళంచెవి తిప్పకూడదు.

ఆ పాత ప్రోగ్రాం రాసింది మా సెక్షన్‌లో పెద్దాయన. హోదాకు నేను ఇన్‌చార్జిని, ఆయన నా కింద. కానీ నేను పని నేర్చుకున్నదే ఆయన పక్కన కూర్చుని. అందుకే అన్నా అనేదాన్ని, ఆయన నన్ను చెల్లె అనేవాడు. కొన్నాళ్లు బాయిలో, అంటే భూగర్భ గనిలో పనిచేసి, చేయి విరిగి పైకొచ్చి, రాత్రి కాలేజీలో చదువుకుని కంప్యూటర్ పట్టుకున్న మనిషి. ఆయన రాసిన జీతాల ప్రోగ్రాం ఎన్నేళ్లయినా ఒక్కసారి తప్పలేదు. గేట్ల ప్రోగ్రాం మాత్రం తప్పేది.

ఎప్పుడో ఒకప్పుడు, అందరూ బయటికొచ్చాక కూడా తెర మీద ఒకటి మిగిలేది. సర్దార్లు మళ్ళీ దిగి వెతికేవాళ్లు. ఎవరూ ఉండరు. మట్టీ బొగ్గూ మోసే డంపర్లు వరసగా నిలబడి ఉండేవి, ఫోన్ల మీద ఫోన్లు వచ్చేవి. చివరికి మా ఆఫీసుకు చెబితే మేము 'సున్నా' అనే బటన్ నొక్కేవాళ్లం. కొన్నాళ్లకు వెతకడం మానేశారు. 'ఆ డబ్బా గట్లనే అంటది' అని నేరుగా మాకే ఫోన్ చేసేవాళ్లు. మేమూ నొక్కేవాళ్లం. ఆయన ఎన్నిసార్లు ప్రోగ్రాం చదివినా తప్పు దొరికేది కాదు. గేటు యంత్రాలు పాతబడ్డాయని అనేవాడు.

కల్లూరు దగ్గర పల్లె నుంచి ఒక అమ్మాయి కాంట్రాక్టు మీద ఇంజనీరుగా వచ్చింది ఆ రోజుల్లోనే. తక్కువ మాట్లాడేది. వచ్చిన వారానికే పాత ప్రోగ్రాం అడిగి తీసుకుని చదివి, మా ఇద్దరినీ గోడ మీది బోర్డు దగ్గరికి పిలిచింది. బోర్డు మీద ఎనిమిది అని రాసింది. మీరిద్దరూ రెండు గేట్లు అనుకోండి అంది. బోర్డు చూసి, మీ కుర్చీ దగ్గరికి వెళ్లి, ఒకటి తీసేసి, వచ్చి కొత్త అంకె రాయాలి. ఒకరితో ఒకరు మాట్లాడకూడదు. మేమిద్దరం బోర్డు చూశాం. వెళ్లాం. వచ్చాం. ఆయన ఏడు రాశాడు. నేను దాన్ని తుడిచి, నా లెక్క ప్రకారం ఏడే రాశాను.

ఇద్దరు బయటికొచ్చారు, ఒక్కరే తగ్గారు. ఇంతే తప్పు. ఇద్దరూ ఒకే క్షణంలో చూస్తేనే జరుగుతుంది, అందుకే ఆయన ఎన్నిసార్లు చదివినా దొరకలేదు. ఒకే ప్రోగ్రాంలో పక్కపక్కన నడిచే పనుల్ని మేము థ్రెడ్లు అంటాం. గేటుకో థ్రెడ్. రెంటికీ ఉమ్మడిగా ఒక అంకె. షిఫ్టు దిగే గుంపులో రెండు గేట్ల దగ్గరా ఒకేసారి టోపీలు దాటితే, ఒకటి రాసింది ఇంకొకటి తుడిచేస్తుంది.

ఆయన బోర్డు వైపు చాలాసేపు చూసి, ఇన్నాళ్లూ ఒకటి ఎక్కువ చూపించిందిలే, పని ఆగింది, అంతే కదా అన్నాడు.

ఆ అమ్మాయి నెమ్మదిగా అంది: "ఇద్దరు ఒకేసారి లోపలికి వెళ్లినా ఇలాగే అవుద్ది సార్. అప్పుడు ఒకటి తక్కువ చూపిస్తది."

అంటే కింద ఒక మనిషి ఉండగానే తెర సున్నా చూపిస్తుంది. ఆయన టీ తాగడానికని బయటికి వెళ్లి చాలాసేపటికి గానీ రాలేదు.

ఒక థ్రెడ్ అంకెను ముట్టుకున్నప్పుడు రెండోది ఆగేలా, పాతదానికే తాళాలు వేసి సరిచేయవచ్చు. కానీ ఎక్కడ వేయడం మరిచామో చెప్పే నాథుడు ఉండడు. ఆ అమ్మాయి ఒక కొత్త భాషలో మొత్తం తిరగరాద్దామంది. మనం రాసిన ప్రోగ్రాంను యంత్రం భాషలోకి మార్చే దాన్ని కంపైలర్ అంటారు. ఈ కొత్త భాష కంపైలర్ మహా పట్టుదల మనిషి. ప్రోగ్రాంలో వాడే ప్రతి వస్తువుకూ రకం అనేది ఉంటుంది కదా, ఆ రకంతో పాటే రెండు గుర్తులు చూస్తుంది. దీన్ని ఒక థ్రెడ్ నుంచి ఇంకో థ్రెడ్‌కు అప్పగించవచ్చా? రెండు థ్రెడ్లు ఒకేసారి ముట్టుకోవచ్చా? గుర్తు లేనిదాన్ని పంచుకుంటే ప్రోగ్రాం తయారే కానివ్వదు. పెట్టెలో పది వస్తువులు పెడితే, అందులో ఒక్కదానికి గుర్తు లేకపోయినా పెట్టె మొత్తానికి గుర్తు పోతుంది. మన మాట మీద నమ్మకం ఉంచదు. ఉమ్మడి అంకె కావాలా, తాళం ఉన్న పెట్టెలో పెట్టు, తాళం తీసినవాడే ముట్టుకోవాలి అంటుంది. తాళం తీయకుండా అంకెను చేరే దారే ఉండదు.

అది అన్ని తప్పుల్నీ పట్టుకోదని ఆ అమ్మాయి మొదటి రోజే చెప్పింది. ఈ ఒక్క రకం తప్పును మాత్రం పట్టుకుంటుందట. నాకు ఆ మాట నచ్చింది. అన్నీ చేస్తానని చెప్పే సరుకును మా ఆఫీసు చాలా కొన్నది.

పెద్దాయనకు మాత్రం నరకమైంది. రోజంతా రాసి, సాయంత్రం తయారు చేయబోతే తెర నిండా ఎర్ర గీతలు. ఇది పంచుకోరాదు, అది అప్పగించరాదు. కళ్లజోడు తీసి టేబుల్ మీద పెట్టి, "ముప్పై ఏండ్ల సంది రాస్తున్న చెల్లె, నాకు ఇది చెప్తదా" అన్నాడు. నాకూ విసుగ్గానే ఉండేది. మా వయసులో తిట్లు తినడం అలవాటే గానీ యంత్రంతో తినడం అలవాటు లేదు. అయినా ఆయన మర్నాడు పొద్దున్నే వచ్చి మళ్ళీ కూర్చునేవాడు. ఆ అమ్మాయి పక్కన నిలబడి, కంపైలర్ ఏమంటోందో ఒక్కొక్క ముక్కా చదివి చెప్పేది. ఆయన ఆమెను బిడ్డా అనడం మొదలుపెట్టింది అప్పుడే.

అంతా అయింది అనుకున్నాక ఒక చిక్కు మిగిలింది. గేటు యంత్రాలతో మాట్లాడే భాగాన్ని అవి అమ్మినవాళ్లే రాసి ఇచ్చారు. పాత పద్ధతి సరుకు, లోపల ఏముందో మాకు కనబడదు. దానికి ఆ రెండు గుర్తులూ లేవు. దాన్ని రెండు గేట్ల థ్రెడ్లకు పంచబోతే కంపైలర్ ససేమిరా అంది. అటు పైనుంచి పెద్ద అధికారి తనిఖీకి వస్తున్నాడు, ఆలోపే కొత్త పద్ధతి నడవాలని రోజూ ఒత్తిడి.

ఆ భాషలో ఇలాంటి చోటికి ఒక చిన్న తలుపు ఉంది. 'ఇది సురక్షితమే, పూచీ నాది' అని ఒక లైను రాస్తే కంపైలర్ నోరు మూసుకుంటుంది. పెద్దాయన ఆ లైను రాశాడు. ప్రోగ్రాం తయారైంది, గేట్లు నడిచాయి, తెర మీద అంకెలు చకచకా మారాయి. ఆయన ముఖంలో చాలా రోజుల తర్వాత వెలుగు చూశాను. ఆ అమ్మాయి మాత్రం నా టేబుల్ దగ్గరికొచ్చి నిలబడింది. పూచీ ఎవరిది మేడం అని అడిగింది.

గేటు యంత్రాలు అమ్మిన వాళ్ల మనిషికి హైదరాబాదుకు ఫోన్ చేశాను. ముగ్గురం వినేలా స్పీకర్ పెట్టాను. అవతలి మనిషి చాలా మర్యాదగా మాట్లాడాడు. ఏం ఫరవాలేదు, చాలాచోట్ల నడుస్తోంది, మీకెందుకు అనుమానం అన్నాడు. ఆ అమ్మాయి నా వైపు చూసి, నేను తలూపాక అడిగింది, రెండు గేట్లూ ఒకేసారి గుంపుతో నడిపి చూశారా సార్ అని.

"గట్ల ఎవరు చూస్తరమ్మా," అన్నాడు.

ఫోన్ పెట్టేశాక పెద్దాయన తన కుర్చీకి వెళ్లి ఆ లైను తీసేశాడు. తనే తీసేశాడు. నేను చెప్పాల్సిన అవసరం రాలేదు. నేను చేసిందల్లా తనిఖీ నాటికి కాదని పైకి చెప్పడం.

తర్వాత పద్ధతి మార్చాం. ఆ అమ్మినవాళ్ల భాగాన్ని ఒక్క థ్రెడ్ చేతిలోనే ఉంచి, ఇంకెవరూ దాన్ని ముట్టుకోకుండా కట్టడి చేశాం. అది రెండు గేట్లనూ వంతులవారీగా అడిగి, తెలిసింది వరసలో పెడితే, లెక్క చూసే థ్రెడ్ ఆ వరసలోంచి ఒక్కొక్కటే తీసుకుని చూసుకుంటుంది. తెర మీద అంకె కాస్త ఆలస్యంగా మారేది. కానీ ఎర్ర గీత ఒక్కటి లేకుండా, పూచీ లైను లేకుండా తయారైంది. 'సున్నా' బటన్‌ను తీసేద్దామని ఆ అమ్మాయి అంది. పైవాళ్లు ఒప్పుకోలేదు. నా పాస్‌వర్డు వెనకాల పెట్టాం.

తనిఖీ రోజున మా కొత్త పద్ధతి నడవలేదు. పెద్ద అధికారి ఏమీ అనలేదు, అనకపోవడమే అనడం. ఆ ఏడాది కాంట్రాక్టులు పొడిగించినప్పుడు ఆ అమ్మాయి పేరు రాలేదు. పని ఆలస్యం చేసిందన్నారు. ఆలస్యం నా నిర్ణయమని నేను రెండు గదుల్లో చెప్పాను, మూడో గది తలుపు తెరుచుకోలేదు. ఆమె ఏడవలేదు. డ్రాయర్ ఖాళీ చేసి, పెద్దాయనకు నమస్కారం పెట్టి, మధ్యాహ్నం బస్సుకు వెళ్లిపోయింది. మేమిద్దరం బస్టాండు దాకా వెళ్లాం. బస్సు కదిలాక ఆయన, "మంచిగ చెప్తది, మాస్టరమ్మ కావలసింది" అన్నాడు. ఆమె తర్వాత ఖమ్మంలో ఒక కోచింగు కాలేజీలో చేరింది.

కొత్త పద్ధతి నడుస్తూనే ఉంది. నెలల తరబడి తెర మీద సున్నా రావలసినప్పుడు సున్నానే వచ్చింది. అయినా కిందివాళ్ల నోట్లో అది ఇంకా 'ఆ డబ్బా'నే.

ఎండలు ముదిరిన రోజుల్లో ఒక మధ్యాహ్నం. బ్లాస్టింగ్ కంట్రోల్ గదిలో తెర పాడైతే మార్చడానికి పెద్దాయనా నేనూ వెళ్లాం. పేలుడు హద్దుకు బయట, గట్టు మీద చిన్న గది అది. తెర బిగించేసరికి పేల్చే వేళయింది. సైరన్ మోగింది. సర్దార్లు ఒక్కొక్కరే వాకీటాకీలో ఖాళీ అని చెప్పారు. తెర మీద అంకె దిగుతూ వచ్చి ఒకటి దగ్గర ఆగింది.

కాసేపు చూశాం. ఆగే ఉంది.

బ్లాస్టింగ్ ఆఫీసర్ మంచివాడే, చిన్న వయసు. పొద్దుటినుంచి ఎండలో తిరిగి పెదవులు పగిలి ఉన్నాయి. ఫోన్లో ఎవరో అవతలినుంచి ఆలస్యం ఎందుకని గద్దిస్తున్నారు. ఫోన్ చేత్తో మూసి నా వైపు తిరిగాడు.

"మేడం, మళ్ళ మొదలువెట్టింది. సున్నా చెయ్యండి."

పాస్‌వర్డు నా వేళ్లలోనే ఉంది. అన్నేళ్లు ఎన్నిసార్లు నొక్కామో. నేను చెయ్యనన్నాను. లోపల ఒక టోపీ ఉందని, వెతికించమని చెప్పాను. ఆయన నన్ను ఒక నిమిషం చూసి, ఇది మీరు చెబుతున్నారా, డబ్బా చెబుతోందా అని అడిగాడు. ఇద్దరం అదే చెబుతున్నాం అన్నాను. సర్దార్లను మళ్ళీ కిందికి పంపాడు. ఆ టోపీ కాంట్రాక్టు వాళ్లదని మాత్రమే తెర చెప్పగలిగింది. వాళ్ల టోపీలకు పేర్లు ఉండవు, షిఫ్టుకో తల మారుతుంది.

కొంతసేపటికి వాకీటాకీ పలికింది. టోపీ దొరికిందట. అడుగున నీళ్లు తోడే పంపు దగ్గర, వాల్వుకు తగిలించి ఉందట. మనిషి మాత్రం లేడట.

గదిలో అందరూ ఊపిరి వదిలారు. ఆఫీసర్ నవ్వాడు, అలిసిపోయిన నవ్వు. ఎవడో టోపీ మరిచి ఇంటికి పోయాడు, మీ లెక్క కరెక్టే మేడం, ఇక సున్నా చేయండి అన్నాడు. నా లెక్క కరెక్టే. టోపీ లోపలే ఉంది, తెర ఒకటే చూపించింది. నేను కుర్చీ ముందుకు జరుపుకున్నాను.

"ఆగు చెల్లె," అన్నాడు పెద్దాయన.

ఆయన కిటికీ దగ్గర నిలబడి కిందికి చూస్తున్నాడు. తిరగకుండానే అడిగాడు: "సార్, టోపీ లేనోన్ని గేటు కాడ పోనిస్తరా?"

ఆఫీసర్ రెండు గేట్లకూ మాట కలిపాడు. టోపీ లేకుండా ఎవరూ దాటలేదని ఒక గేటు చెప్పింది. రెండో గేటు మనిషి కొంచెం ఆలోచించి, లేదు సార్, ఈ షిఫ్టుల ఎవరు పోలే అన్నాడు.

"టోపీ లోపట్నే ఉంది. మనిషి బయటికి పోలే," అన్నాడు పెద్దాయన. "మరి ఏడున్నట్టు?"

ఆఫీసర్ ఫోన్ పెట్టేశాడు, అవతలివాళ్లు ఇంకా మాట్లాడుతుండగానే. పేల్చే యంత్రంలోంచి తాళంచెవి తీసి చొక్కా జేబులో వేసుకుని, జీపెక్కి తనే కిందికి దిగాడు.

ఆ మనిషి ఒక సిమెంటు పైపులో దొరికాడు. వర్షాకాలానికని తెచ్చి పడేసిన పెద్ద పైపులు, మందు పెట్టిన రాతికి బాగా దగ్గర. పంపు నడిపే కోయ మనిషి, అడవి లోపలి ఊరివాడు. ఎండకు కళ్లు తిరుగుతుంటే టోపీ తీసి తగిలించి, నీడ కోసం పైపులోకి పాకి, అక్కడే స్పృహ తప్పాడు. సైరన్ విన్నాడో లేదో ఆయనకే తెలియదు. ఒళ్లు పెనంలా కాలుతోందని మోసుకొచ్చిన సర్దార్ చెప్పాడు. ఆ పైపుల పక్కనుంచే ఆ సర్దార్ ఆ రోజు రెండుసార్లు నడిచాడు.

ఆ రోజు పేల్చలేదు.

సర్దార్ల అప్రమత్తత వల్ల ప్రమాదం తప్పిందని పైకి రిపోర్టు వెళ్లింది. అబద్ధం కాదు, సగం నిజం. మా సెక్షన్ ప్రస్తావన లేదు. రెండేళ్ల తర్వాత గేట్లతో సహా ఇంకెవరిదో కొత్త సరుకు కొన్నారు, మా ప్రోగ్రాం తీసేశారు. ఇవన్నీ మామూలే. ఉద్యోగంలో చేరుతున్నవాళ్లు ముందే తెలుసుకుంటే మంచిది.

ఆ మనిషిని భద్రాచలం దవాఖానాకు మార్చారని విని, ఆదివారం ప్రార్థన అయ్యాక పెద్దాయనా నేనూ బస్సెక్కాం. కిటికీలోంచి వేడిగాలి. ఆ నెలాఖరుకే ఆయన రిటైరుమెంటు.

"ఆ పూచీ లైను ఉంచితే ఏమయ్యేదో," అన్నాడు పెద్దాయన.

అప్పుడూ ఒకటే చూపించేదేమో అన్నా అన్నాను. ఊరడింపుకు కాదు. నిజంగానే ఆ రోజు గేట్ల దగ్గర పెద్ద గుంపేమీ లేదు.

"చూపించేదేమో. కని నువ్వు నమ్మేటిదానివి కాదు గద," అన్నాడు.

అవును. అంతకన్నా నాకు తెలిసింది ఏమీ లేదు. ఆ కంపైలర్ నన్ను తెలివైనదాన్ని చేయలేదు. ఆ అంకెను ఇద్దరు ఒకేసారి తుడిచి రాయలేరని నాకు తెలుసు, ఎందుకంటే రాయడానికి దారే లేకుండా కట్టాం. అందుకే సున్నా చెయ్యనని అనగలిగాను. పాత ప్రోగ్రాం అయితే నొక్కేదాన్ని. ఈ మాట మీకు చెప్పడానికే ఇంత కథ చెప్పాను. ఎర్ర గీతలు చూసి విసుక్కునే రోజులు మీకూ వస్తాయి. విసుక్కోండి, తప్పులేదు. ఆ తలుపు తీసే లైను రాసే ముందు మాత్రం, పూచీ ఎవరిదని అడిగే మనిషి ఒకరు గదిలో ఉన్నారేమో చూసుకోండి.

దవాఖానాలో ఆ పంపు మనిషి మంచం మీద లేచి కూర్చుని ఉన్నాడు. ఆయన భార్యకు తెలుగు కొద్దిగానే వచ్చు. మమ్మల్ని చూసి స్టూలు తుడిచి వేసింది. కోయలో భర్తను ఏదో అడిగి, ఆ తర్వాత మా వైపు తిరిగి, "ఎవరు చూసిన్రు?" అంది.

నేను సర్దార్ అని చెప్పబోయాను. పెద్దాయన ముందే చెప్పేశాడు.

"కల్లూరు కాడి పిల్ల ఒకామె చూసిందమ్మా."

ఆమెకు ఎంత అర్థమైందో తెలియదు. ఆ పేరు మనసులో పెట్టుకుంటున్నట్టు కల్లూరు, కల్లూరు అని రెండుసార్లు అనుకుంది.

బయటికొచ్చి, వేపచెట్టు నీడలో నిలబడి ఆ అమ్మాయికి ఫోన్ చేశాను. జరిగిందంతా చెప్పాను. పైపు సంగతి, టోపీ సంగతి, పెద్దాయన గేట్లను అడిగించిన సంగతి. అవతల ఆమె వెనకాల పిల్లల గోల వినబడుతోంది, ఏదో గంట మోగింది.

"ఆయన ఇప్పుడు అన్నం తింటున్నాడా మేడం?" అని అడిగింది.

తింటున్నాడని చెప్పాను.

"సరే మేడం. నాకు క్లాసుంది," అని పెట్టేసింది.